‘గండమ్’ అంటే రోబోల కొట్లాటేనా?

సిరుగుప్ప ప్రాంతంలో మన పిల్లలు చాలామంది బడిలో కన్నడం చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఫోన్‌లో జపాన్ యానిమేలు చూస్తారు. క్రంచిరోల్ వంటి వేదికలు కొన్ని యానిమేలను తెలుగు డబ్బింగ్‌తో ఇస్తుండటంతో ఈ ఆసక్తి మరింత పెరిగే అవకాశముంది. ‘ఎప్పుడూ ఆ రోబోల గోలేనా?’ అనే పెద్దల కోసం ఈ పరిచయం.

1972లో మొదలైన ‘మాజింగర్ జెడ్’లో హీరో రోబో లోపల కూర్చుని రాక్షస యంత్రాలను ఓడిస్తాడు. మన జానపద సినిమాల్లా మంచి, చెడు స్పష్టంగా ఉంటాయి. 1979 ఏప్రిల్ 7న యోషియుకి తోమినో దర్శకత్వంలో వచ్చిన ‘మొబైల్ సూట్ గండమ్’ ఆ పద్ధతి మార్చింది. ఇందులో 18 మీటర్ల రోబో కేవలం యుద్ధ యంత్రం. దానికి తూటాలు అయిపోతాయి, మరమ్మతులు కావాలి. దాన్ని నడిపే అమురో 15 ఏళ్ల కుర్రాడు. భూమి ప్రభుత్వానికీ, స్వతంత్రం ప్రకటించుకున్న అంతరిక్ష కాలనీకీ మధ్య యుద్ధం. చనిపోయేది రెండు వైపులా మనుషులే.

అప్పట్లో జనం పెద్దగా చూడలేదు. 52 భాగాలు అనుకున్నది 43తో ముగించారు. తర్వాత పునఃప్రసారాలు, 1980లో బందాయ్ తెచ్చిన ప్లాస్టిక్ బొమ్మలు, 1981–82లో వచ్చిన మూడు సినిమాలు దాన్ని నిలబెట్టాయి.

కొనసాగింపు ‘జీటా గండమ్’ 1985 మార్చి 2న మొదలై 50 భాగాలు నడిచింది. కథలో యుద్ధం ముగిసి ఏడేళ్లు. గెలిచిన ప్రభుత్వంలోనే ‘టైటాన్స్’ అనే దళం పుట్టి, అంతరిక్షంలో పుట్టినవారందరినీ అనుమానితులుగా చూస్తుంది. ఒక కాలనీ ప్రజలను విషవాయువుతో చంపేస్తుంది. దాంతో పాత శత్రువులు అమురో, షార్ ఒకే పక్షాన నిలుస్తారు.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి. బళ్లారితో పాటు సిరుగుప్ప మైసూరులో చేరింది. ఇళ్లు కదల్లేదు, గీత కదిలింది. ఆ కథలోని యుద్ధంతో మనకు పోలిక లేదు. కానీ ‘ఎక్కడ పుట్టాడో చూసి మనిషిని తూచవచ్చా?’ అన్న ప్రశ్న సరిహద్దు పిల్లలకు త్వరగా అర్థమవుతుంది.

మొదట పాత సిరీస్ లేదా మూడు సినిమాలు, తర్వాతే ‘జీటా’ చూడాలి. ‘జీటా’లో హీరో కమీల్ కళ్లెదుటే తల్లి చనిపోతుంది, ముగింపూ విషాదమే. చిన్నపిల్లలకు వద్దు. హైస్కూలు పిల్లలు చూస్తుంటే పక్కన కూర్చోండి. కథ ఏమిటో తెలుగులో చెప్పమనండి. వాళ్ల తెలుగుకూ అది మంచి అభ్యాసం.