పంటభీమా సొమ్మును కార్డు ద్వారా చెల్లించు విధము

2023వ సంవత్సరము డిశంబరు 5వ తేదీన మిగ్‌జాం తుపాను బాపట్ల యొద్ద తీరమును దాటెను. చేలలో నీరు నిలిచినచో మిరపపైరు ఏమగునో మన నల్లరేగడి నేలల బాలురకు మేము చెప్పనక్కరలేదు. భీమా కలదు గదా, సొమ్ము వచ్చును గదా యని కొందరందురు. ఆ సొమ్ము ఏ మార్గమున వచ్చును, ఎవరికి వచ్చును అను విషయమును వివరింపబూనితిమి.

2016లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పంటభీమా పథకమునందు ప్రత్తి, మిరపవంటి వాణిజ్యపు పంటలకు రైతు కట్టవలసిన ప్రీమియము భీమా మొత్తములో నూటికి 5 రూపాయలకు మించదు. దానితోడిదగు వాతావరణ భీమాలో సాధారణముగా ఎవరును చేనికి వచ్చి నష్టమును చూడరు; నియమిత కేంద్రమున కొలిచిన వర్షమునుబట్టియే లెక్క కట్టుదురు. సొమ్ము బ్యాంకుఖాతాలో పడును.

ఖాతా లేనివానికి కొన్ని దేశములలో ముందుగా సొమ్ము నింపిన కార్డు నిత్తురు. ఇది కిసాను క్రెడిటు కార్డు వంటిది కాదు. అది అప్పు; ఇది నింపిన కుండ, ముంచుకొనిన కొలది తగ్గును. దుకాణమున సరకులు కొనవచ్చును. అనుమతి యున్నచో యంత్రమునుండి నగదు తీయవచ్చును. రహస్యసంఖ్యను పరునికి చెప్పినచో కుండను వాని చేతి కిచ్చినట్లే.

2005లో కత్రీనా తుపాను అమెరికాను ధ్వంసము చేసినప్పుడు హ్యూస్టను నగరమున నిరాశ్రయులకు ఒక్కొక్క కుటుంబమునకు 2,000 డాలరుల కార్డుల నిచ్చిరి. అది భీమా గాక సహాయద్రవ్యము. ఇండ్లతోపాటు కాగితములను గూడ పోగొట్టుకొనినవారికి ఇది మేలే. అయినను కొలదిదినములకే ఆ పద్ధతిని మానిరి.

మన రాష్ట్రమునందును ఇట్టి ప్రయత్నము జరిగినది. ఉపాధిహామీ కూలిని, పింఛనులను వ్రేలిముద్ర గల స్మార్టు కార్డులద్వారా గ్రామములోనే చెల్లించిరి. నెల్లూరు, కర్నూలు మొదలగు 8 జిల్లాలలో 2010 మొదలు 2012 వరకు పరిశోధకులు పరీక్షించి చూడగా, కూలి త్వరగా చేరెననియు, నడుమ జారిపోవు సొమ్ము తగ్గెననియు తేలినది. ఆ కార్డు పనిచేసిన వాని వ్రేలిముద్రను అడిగెను గనుకనే యీ ఫలితము కలిగెనని మా యభిప్రాయము.

పంటభీమాలో చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఈ మైదానములలో పెక్కు చేలు కౌలువి. విత్తినవాడొకడు, పట్టాదారు మరియొకడు. పట్టా పేరుననే నమోదు జరిగినచో, ఖాతాయైనను కార్డైనను, సొమ్ము పట్టాదారునకే చేరును. దీనికై 2019లో మన రాష్ట్రమున నొక చట్టము చేసి, సాగుచేయువానికి 11 నెలల హక్కుపత్రము నిచ్చు ఏర్పాటు చేసిరి. పంటరుణము, భీమా దానితో పొందవచ్చును. కాని దానిపై భూస్వామి సంతకము కావలెను. భూమి పోవునేమోయని జంకి సంతకము చేయనివారుండిరి; పత్రమువలన పట్టాకు హాని లేదని ఆ చట్టముననే యున్నను వారి భయము తీరలేదు.

కౌలుకుటుంబముల విద్యార్థులు ఇంటనున్న భీమా రశీదును తీసి, దానిమీద ఎవరి పేరు, ఏ సర్వే నంబరు, ఎవరి ఖాతా వ్రాయబడియున్నవో తండ్రులకు చదివి వినిపింపుడు.