అలారం మోగితే వేలు కూడా గుచ్చి చూడాలి

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక తీరినవారు 108 ప్రదక్షిణలు చేసి మొక్కు చెల్లిస్తారు. వారిలో ఇన్సులిన్ వాడేవారికి ఈ నడక చిన్న విషయమేమీ కాదు. ఆగకుండా తిరుగుతుంటే కండరాలు రక్తంలోని గ్లూకోజును వాడేసుకుంటాయి. పొద్దున్నే ఇన్సులిన్ వేసుకుని, ఉపవాసంతో బయల్దేరితే మధ్యలోనే షుగర్ పడిపోవచ్చు. చెమటలు, వణుకు మొదలవకముందే ఆ సంగతి చెప్పడానికే జబ్బకు అంటించుకునే సెన్సర్లు వచ్చాయి. షుగర్ 70కి దిగితే ఫోన్‌లో అలారం మోగుతుంది.

వీటినే కంటిన్యువస్ గ్లూకోజ్ మానిటర్లు, పొట్టిగా సీజీఎంలు అంటారు. అమెరికాలో మొదటిదానికి 1999లో అనుమతి వచ్చింది. అప్పట్లో ఆ అంకెలను తర్వాత డాక్టర్ చూసి చెప్పాల్సిందే. ఇప్పుడు షుగర్ ఎటు పోతోందో బాణం గుర్తుతో సహా ఎప్పటికప్పుడు కనిపిస్తోంది.

అంత నమ్మకమైన పరికరం ఉన్నట్టుండి తప్పుడు అలారం ఎందుకు మోగిస్తుంది?

సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు. చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజును. రాత్రి సెన్సర్ ఉన్న చెయ్యి కిందపడేలా ఒత్తిగిలి పడుకుంటే అక్కడికి రక్తప్రసారం తగ్గి, అంకె అమాంతం పడిపోతుంది. అలారం మోగుతుంది, ఇల్లంతా లేచి కూర్చుంటుంది, నిద్రమత్తులో ఉన్న మనిషి చేత చక్కెర నీళ్లు తాగిస్తారు. అటు తిరిగి పడుకుంటే కాసేపట్లో అంకె దానంతటదే పైకి వచ్చేది. తాగిన చక్కెర మాత్రం తెల్లారేసరికి షుగర్‌ను ఎక్కడికో తీసుకుపోతుంది.

నిజంగా షుగర్ తగ్గినప్పుడూ ఒక చిక్కుంది. రక్తంలో వచ్చిన మార్పు ఆ ద్రవంలోకి చేరడానికి ఐదు నుంచి పది నిమిషాలు పడుతుంది. మూడు చెంచాల చక్కెర తిన్నాక రక్తంలో షుగర్ పెరిగినా సెన్సర్ ఇంకా 'లో' అనే మోగుతుంటుంది. కంగారుపడి మళ్లీ మళ్లీ తింటే గంటలో 250 దాటినా ఆశ్చర్యం లేదు. తిన్నాక పావుగంట ఆగి వేలు గుచ్చి చూడమని డాక్టర్లు చెప్పేది అందుకే.

కొత్త సెన్సర్ పెట్టిన మొదటి రోజు అంకెలు కుదురుగా ఉండకపోవచ్చు. విటమిన్ సి మాత్రలు ఎక్కువగా వాడితే కొన్ని సెన్సర్లు షుగర్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తాయి. దాన్ని నమ్మి ఇన్సులిన్ పెంచితే మరింత ప్రమాదం.

తప్పుడు అంకెలు నిద్ర చెడటంతో పోయే సమస్య కాదు. ఫ్రీస్టైల్ లిబ్రే 3 అనే రకం సీజీఎంలలో కొన్ని సెన్సర్లు షుగర్‌ను తప్పుగా తక్కువ చూపిస్తున్నాయని 2025 నవంబరులో వాటిని తయారుచేసే అబాట్ కంపెనీయే అమెరికాలో హెచ్చరించింది. అలాంటి అంకెను నమ్మితే మనిషి ఇన్సులిన్ మానేస్తాడు, తీపి తింటాడు. ఏడు మరణాలకు వీటితో సంబంధం ఉండొచ్చని కూడా ఆ కంపెనీ తెలిపింది.

విసిగి అలారం ఆపేయడం ఇంకా పెద్ద తప్పు. ఫోన్ సెట్టింగుల వల్ల అలారాలు వినిపించక కొందరు తీవ్ర ప్రమాదంలో పడ్డారని 2025లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కూడా హెచ్చరించింది. నడిరాత్రి మోగే పది అలారాల్లో నిజమైనది ఒక్కటే అయినా ఆ ఒక్కటీ ప్రాణం నిలిపేది కావచ్చు.

కాబట్టి సెన్సర్ పెట్టుకున్న ఇంట్లో గ్లూకోమీటర్‌ను అటక మీద పెట్టేయకండి. గడువు దాటని స్ట్రిప్పులతో మంచం పక్కనే ఉంచండి. అంకెకూ ఒంటికీ పొంతన కుదరకపోతే చేతులు కడుక్కుని, తుడుచుకుని వేలు గుచ్చి చూడండి. చెమట, వణుకు, తడబాటు కనిపిస్తూ మీటర్ దగ్గర లేకపోతే ఆగకుండా చక్కెర ఇవ్వండి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.