ఆకు చుట్టే అతిథి

వరి పొలాల నడుమ పెరిగినవారికి ఆకుముడత పురుగు కొత్తది కాదు. ఆకు అంచులను సన్నని దారాలతో కలిపి, ఆ గొట్టంలో దాగి పత్రహరితాన్ని గోకి తినడం దాని జీవనవిధానం. అదే విద్య తెలిసిన మరొక కీటక కుటుంబం టార్ట్రిసిడే. ఆ కుటుంబానికి చెందిన ఒక చిన్న గోధుమరంగు శలభం, తెలుగువారెందరో స్థిరపడిన కాలిఫోర్నియా తీరప్రాంతాన్ని కొన్నేళ్లపాటు కలవరపరచింది. దాని వాడుక పేరు లైట్ బ్రౌన్ యాపిల్ మాత్; శాస్త్రీయ నామం ఎపిఫయాస్ పోస్ట్‌విట్టానా.

దీని పుట్టినిల్లు ఆస్ట్రేలియా. అక్కడినుండి న్యూజిలాండ్, ఇంగ్లండ్ దేశాలకు వ్యాపించింది. హవాయి దీవులలో 1896 నాటికే కనిపించింది. అమెరికా ప్రధాన భూభాగంలో మాత్రం 2006లో, బర్క్లీలో కీటక శాస్త్రవేత్త జెర్రీ పావెల్ తన పెరటిలో అమర్చిన దీపపు ఎరకు తొలిసారి చిక్కింది. 2007 మార్చిలో దాని ఉనికి ధ్రువపడింది.

పేరులో యాపిల్ ఉన్నా దీని భోజనం యాపిల్‌తో ఆగదు. పియర్, ద్రాక్ష, నిమ్మ, నారింజ, గులాబి, చామంతి మొదలుకొని కలుపు మొక్కల వరకు 500కు పైగా జాతులు దీనికి ఆహారమే. ఆకుపచ్చని గొంగళిపురుగు ఆకులను అల్లుకొని తింటుంది. ఆకు పండును తాకినచోట పండు తొక్కనూ గీరుతుంది. తాకితే చటుక్కున వెనుకకు జరిగి, పట్టుదారంతో కిందికి జారుతుంది.

ఇన్ని మొక్కలు తినగల పురుగు దేశమంతటా ఎందుకు వ్యాపించలేదు? దీనికి శీతాకాల నిద్ర లేదు. సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కు దిగువన, 31 డిగ్రీలకు ఎగువన దీని పెరుగుదల నిలిచిపోతుంది. కాబట్టి ఆహారం అంతటా ఉన్నా, ఎండా చలీ మితంగా ఉండే సముద్రతీరమే దీనికి అనువైన నివాసం.

తొలినాళ్లలో భయం పెద్దది. 2007లో మాంటెరే, శాంతా క్రూజ్ ప్రాంతాలపై విమానాల ద్వారా ఫెరమోన్‌ను చల్లారు. మన రైతుల లింగాకర్షక బుట్టలలో వాడే పదార్థం వంటిదే అది; మగ శలభాలను తికమకపెట్టి జతకట్టనీయదు. అయినా తమ ఇళ్లపై చల్లడాన్ని ప్రజలు తీవ్రంగా ప్రతిఘటించారు. 2008లో పట్టణాలపై ఆ పద్ధతిని విరమించారు. క్రమంగా స్థానిక పరాన్నజీవి కందిరీగలు ఈ పురుగును వెదకి పట్టడం నేర్చాయి. ఊహించినంత నష్టం జరగలేదు. 2021 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం దీనిపై నిబంధనలను ఎత్తివేసింది.

కావున మీ గులాబిపై చుట్టుకొన్న ఆకు కనబడితే మందుసీసాకై పరుగెత్తనక్కరలేదు. ఆకును తుంచి నలిపివేస్తే చాలు. కాని ఇండియానుండి వచ్చేటప్పుడు తనిఖీ లేకుండా మొక్కను, కొమ్మను పెట్టెలో దాచి తేకండి. ఆ ఆకు మడతలో ఎవరు ప్రయాణిస్తున్నారో మనకు తెలియదు. ప్రతి అతిథీ ఇంత సౌమ్యంగా ఉండదు.