కంటి మందు వెనుక ఎందరి చేతులు?

చికిత్సకు వైద్యుడు, ఔషధ ద్రవ్యము, పరిచారకుడు, రోగి అను నాలుగు పాదములు కలవని చరకుడు నిర్ణయించెను. ఇందు ఏ ఒక్క పాదము కుంటువడినను చికిత్స నిలువదు. గురుకులములో మేము చదువుకొనిన కాలమున రెండవ పాదమైన ద్రవ్యము కూడ గురువుగారి ఇంటనే సిద్ధమగుచుండెడిది. మూలికను గుర్తించుట, ఎండబెట్టుట, నూరుట, వడపోయుట అన్నియు ఆయన కనుసన్నలలో శిష్యులే చేసెడివారు.

నేడట్లు కాదు. కంటి వైద్యశాలకు మూలిక వ్యాపారి వద్ద నుండి, చుక్కల మందు కర్మాగారము నుండి, పరీక్షా ఫలితము ప్రయోగశాల నుండి, కళ్ళజోడు అద్దాల దుకాణము నుండి వచ్చుచున్నవి. ఈ బయటి చేతులు ఎంత నమ్మకమైనవో కంటికి అంత క్షేమము. కావున వైద్యుడు వారితో ఎట్లు మెలగవలెనో, గృహస్థులు ఏమి అడిగి తెలుసుకొనవలెనో ఇచ్చట వివరించుచున్నాను.

మూలికలు, ఖనిజములు

విశాఖవాసులకు ఈ విషయమున ఒక సౌకర్యము కలదు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ప్రధాన కార్యాలయము ఈ నగరములోనే ఉన్నది. మన్యములో గిరిజనులు సేకరించు కరక్కాయ, తేనె, చిల్లగింజలు మున్నగువానిని ఈ సంస్థ కొనుగోలు చేయును. బురదనీటిని తేర్చు చిల్లగింజయే మన శాస్త్రములోని కతకము. నేత్రమునకు హితమైన ద్రవ్యము. సరుకు ఎక్కడ పుట్టినదో తెలిసినచో సగము అనుమానము తీరును.

దూరము నుండి వచ్చు ద్రవ్యములతోనే చిక్కు. దారుహరిద్ర కషాయమును చిక్కబరచి రసాంజనము చేయుదురు. దారుహరిద్ర హిమాలయ ప్రాంతపు ముళ్ళపొద. దక్షిణాదిన అదే పేరుతో అమ్ముడగు మ్రానుపసుపు పడమటి కనుమలలో పెరుగు తీగ. రెంటిలోను బెర్బెరిన్ అను పసుపు పదార్థము ఉండును గాని మొక్కలు వేరు. కావున వైద్యుడు వ్యాపారికి వ్రాయు చీటీలో వాడుక పేరుతోబాటు వృక్షశాస్త్ర నామమును కూడ వ్రాయవలెను. సరుకు చేరిన పిదప సరిచూచుకొనవలెను.

అంజనముల విషయము మరింత ప్రమాదకరము. అంటిమొనితో కూడిన ఖనిజమునకు బదులు సీసముతో కూడిన రాయి బజారులో చెలామణి అగుట కలదు. రెండును నల్లగా మెరయును. ప్రయోగశాలలో పరీక్షించినగాని భేదము తెలియదు. సీసము పసిపిల్లల మెదడునకు హాని చేయును. కావున ఊరు పేరు లేని సుర్మా, కాటుకలను పిల్లల కండ్లకు పెట్టరాదు.

చుక్కల మందు

నోటి మందులోని స్వల్ప దోషమును జఠరాగ్ని కొంతవరకు సహించును, కన్ను సహింపదు. కావుననే 2021 మే నెలాఖరున నెల్లూరు జిల్లా కృష్ణపట్నములో పంచిన కోవిడ్ మందు విషయమున, లోనికి పుచ్చుకొను మందులకు రాష్ట్ర ప్రభుత్వము సమ్మతించినను, కంటి చుక్కలకు మాత్రము అనుమతి ఇవ్వలేదు. ఆ తెగువ చూపకుండుటయే వివేకము.

ఈ జాగ్రత్త ఆయుర్వేదమునకే పరిమితము కాదు. చెన్నై ప్రాంతమున తయారై అమెరికాకు ఎగుమతి అయిన కృత్రిమ కన్నీటి చుక్కలను 2023 ఫిబ్రవరిలో వెనుకకు పిలిపించిరి. ఆ చుక్కలతో ముడిపడిన సూడోమోనాస్ అను సూక్ష్మజీవి 81 మందికి సోకినట్లును, అందు నలుగురు మరణించినట్లును, 14 మందికి చూపు పోయినట్లును అచ్చటి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. ఏ వైద్య విధానపు మందు అను భేదము సూక్ష్మజీవికి లేదు.

కావున వైద్యుడు కర్మాగారము వారిని రెండు ప్రశ్నలు తప్పక అడుగవలెను. తయారీ లైసెన్సు కలదా? ప్రతి బ్యాచికిని క్రిమిరహితమని చూపు పరీక్షా పత్రము కలదా? తెచ్చిన సీసాల బ్యాచి నంబరును, ఏ రోగికి ఏది ఇచ్చినదియు పుస్తకములో వ్రాసి ఉంచుకొనవలెను. దోషము బయటపడిననాడు ఆ పుస్తకమే రోగులను కాపాడును.

ప్రయోగశాల

ఉక్కు కర్మాగారము, ఓడరేవు, ఆటోనగర్ లేతు పనులు గల ఊరు మనది. కంటిలో ఇనుపరజను పడుట ఇచ్చట సామాన్యము. పల్లెలలో వరి ఆకు గీసుకొనును. పిదప నల్లగుడ్డుపై పుండు పడినచో అది మన గ్రంథములలోని సవ్రణశుక్రము వంటిది. చికిత్సకు లొంగుట కష్టమని పూర్వులే హెచ్చరించిరి. అట్టి రోగిని ఇంటి వైద్యముతో నిలుపక ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికో, హనుమంతవాకలోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకో ఆలస్యము లేక పంపవలెను.

అచ్చట పుండు అంచు నుండి కొంచెము గీకి ప్రయోగశాలకు పంపుదురు. సూక్ష్మదర్శినిలో బూజు జాతి క్రిమి కనబడినచో ఆనాడే తెలియును. క్రిమిని పెంచి చూచు పరీక్షకు కొన్ని దినములు పట్టును. ఈ నమూనా తీయుటకు ముందే ఏవో చుక్కలు వేసికొనినచో ఫలితము తారుమారు కావచ్చును. స్టెరాయిడ్ చుక్కలైనచో బూజు పుండు మరింత ముదురును. ముందు వాడిన సీసాలను దాచక వైద్యునికి చూపుడు.

కళ్ళజోడు

వైద్యుడు వ్రాసిన అంకెలు సరిగా ఉన్నను, కనుపాపల నడిమి దూరము తప్పుగా కొలిచినచో తలనొప్పి, కండ్ల అలసట కలుగును. క్రొత్త జోడును వైద్యశాలకు తీసుకొనిపోయి లెన్సోమీటరుపై సరిచూపించుకొనుడు. కర్మాగారములలో పనిచేయువారికి మామూలు గాజు అద్దము తగదు. దెబ్బకు పగిలి అదే కంటిలో గ్రుచ్చుకొనును. ప్రక్కలు మూసిన పాలీకార్బొనేట్ రక్షణ కళ్ళద్దములు ధరింపవలెను.

గృహస్థులకు సూచనలు

1. సీసాపై తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, గడువు తేదీ లేని చుక్కలను కొనరాదు.

2. సీసా మూత తీసిన నెల దినములకు మిగిలిన మందును పారవేయవలెను. వైద్యుడు అంతకంటె తక్కువ గడువు చెప్పినచో దానినే పాటింపవలెను. ఒకరి సీసాను మరొకరు వాడరాదు.

3. తేనె, చనుబాలు, ఆకు పసరులను కంటిలో వేయరాదు. ఇంట కాచిన త్రిఫల కషాయమును వడగట్టి, చల్లార్చి, మూసిన రెప్పలపై తడుపుటకే వాడుడు.

4. పరీక్షా పత్రములను భద్రపరచి, మరొక వైద్యుని వద్దకు పోవునపుడు వెంట తీసుకొనిపోవలెను.

చివరిగా తోటి వైద్యులకు ఒక మాట. ప్రయోగశాల వారి వద్దను, అద్దాల దుకాణము వారి వద్దను వాటా పుచ్చుకొను వైద్యుడు వారి తప్పును తప్పని చెప్పలేడు. సరుకు ఎవరు పంపినను, దానిని రోగి కంటిలో వేయుమని చెప్పినది వైద్యుడే. కావున జవాబుదారీ ఆయనదే.