పెరటికోళ్లకు యాంటీబయోటిక్ మందులు ఇయ్యవలసిన విధము

మన గ్రామములలో పెరటికోళ్లు స్త్రీల సొంత ధనము. ఉప్పుపప్పులకును పిల్లల పుస్తకములకును గ్రుడ్ల సొమ్మే అక్కరకు వచ్చుచుండును. అట్టి కోడి యొకటి రెక్కలు వ్రేలవేసి మూల ముడుచుకొని కూర్చున్నచో ఇంటివారు కలవరపడి, అంగడిలో దొరకిన క్యాప్సూలు నొకటి తెచ్చి, విప్పి, నీటిలో కలిపి నోట పోయుచున్నారు. కోడి బ్రతికినచో మందు గొప్పదనియు, చచ్చినచో దాని ఆయువు తీరినదనియు చెప్పుకొందురు. ఈ అలవాటువలన కోడికి మేలు కలుగుట అరుదు. ఇంటిల్లిపాదికి కీడు కలుగుట మాత్రము సులభము. కావున ఈ విషయమును సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

రోగ నిర్ణయము

యాంటీబయోటిక్ మందులు బాక్టీరియా అను సూక్ష్మజీవులపైననే ముఖ్యముగా పనిచేయును. వైరసు వలన వచ్చు రోగములను అవి కుదుర్చజాలవు. మన కోళ్లను మందలు మందలుగా తుడిచిపెట్టు కొక్కెర తెగులు వైరసు వలన వచ్చునదే. కుమావూను కొండలలోని రాణీఖేతు పట్టణమును బట్టి దీనికి రాణీఖేత్ రోగమను పేరు వచ్చినది. ఆకుపచ్చని పారుడు, గురక, మెడ మెలికపడుట, కాళ్లు రెక్కలు పడిపోవుట దీని లక్షణములు. కోళ్లకు వచ్చు మశూచియు వైరసు రోగమే. కోడిపిల్లలకు నెత్తుటి పారుడు కలిగించు కాక్సీడియా మరియొక జాతి జీవి. దానికి మందు వేరు.

ముఖము వాచి ముక్కునుండి దుర్వాసనగల చీమిడి కారు కొరైజాకును, కోళ్ల కలరాకును యాంటీబయోటిక్ ఉపయోగపడును. కాని లక్షణములు ఒక రోగమునుండి మరియొక రోగమునకు కలిసిపోవుచుండును గనుక నిర్ణయము పశువైద్యునిదే కావలెను. 1962 నంబరునకు టెలిఫోను చేసినను సలహా దొరకును. రోగపు కోడిని వెంటనే వేరుగా కట్టవలెను. ఒక్కమారుగా అనేక కోళ్లు చచ్చినచో మందు మాట మాని, చచ్చిన వానిని వట్టిచేతులతో తాకక, పశువైద్యశాలకు కబురు పంపవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి సభ్యులెరుగుదురు.

మోతాదు

మోతాదును కోడి బరువునుబట్టి లెక్కింపవలెను. ఉదాహరణమునకు, వైద్యుడు కిలో బరువునకు 20 మిల్లీగ్రాములు వ్రాసెననుకొందము. కిలోన్నర కోడికి 30 మిల్లీగ్రాములు చాలును. మనుష్యులకొరకు చేసిన 500 మిల్లీగ్రాముల క్యాప్సూలును అంతయు పోసినచో అది పదునారు రెట్లు మించును. చిటికెతోను చెంచాతోను కొలుచుట ఎంతమాత్రమును తగదు. కోడిని త్రాసుతో తూచి, మందును సూదిలేని సిరంజితో కొలువవలెను.

త్రాగునీటిలో కలుపుమని వైద్యుడు చెప్పినచో మరికొన్ని జాగ్రత్తలు కలవు. పెరటికోడి కాలువలోను గుంటలోను దొరకిన నీరు త్రాగును. అందుచేత మందు ముగియువరకు దానిని గంపక్రిందనో గదిలోనో ఉంచి మందునీరే పెట్టవలెను. ఆ నీటిని ప్రతిదినమును క్రొత్తగా కలిపి నీడలో ఉంచవలెను. టెట్రాసైక్లిన్ జాతి మందులు ఇనుము, సున్నము మొదలగు వానితో కలిసి శక్తి కోల్పోవును గనుక రేకుపాత్ర పనికిరాదు. మందుతో పాలుగాని గుల్లపొడిగాని పెట్టరాదు. మిక్కిలి నీరసించిన కోడి నీరు త్రాగదు. దానికి నోటనే ఇయ్యవలెను. శ్వాసనాళపు ద్వారము నాలుక వెనుకనే ఉండుటచే, ఒక్కసారిగా పోసినచో మందు ఊపిరితిత్తులలోనికి పోయి కోడి చచ్చును. ముక్కు ప్రక్కనుండి బొట్టుబొట్టుగా వేసి, మ్రింగిన పిమ్మట మరల వేయవలెను.

గడువు

రెండవనాటికి కోడి లేచి తిరిగినదని మందు ఆపరాదు. వైద్యుడు చెప్పిన దినములన్నియు ఇయ్యవలెను. చాలీచాలని మందువలన బలహీనమైన సూక్ష్మజీవులు చచ్చి, మందునకు లొంగనివి మిగిలి వృద్ధిపొందును. పెనిసిలిన్‌ను 1928లో కనుగొనిన అలెగ్జాండర్ ఫ్లెమింగు 1945లో తన నోబెల్ ఉపన్యాసమునందే ఈ అపాయమును గూర్చి హెచ్చరించెను. మన పిల్లలకు జ్వరము వచ్చినపుడు వాడు మందులలో కొన్ని ఈ జాతివే. కోడివద్ద మొండికెత్తిన సూక్ష్మజీవి మనుష్యునికి సోకినచో ఆ మందు అక్కరకు రాదు. ఇందుచేతనే కొలిస్టిన్ అను మందును ఆహారమునకై పెంచు జంతువులకు వాడకుండ భారత ప్రభుత్వము 2019 జూలైలో నిషేధించినది.

గ్రుడ్లు, మాంసము

మందు తినిన కోడి గ్రుడ్డులోను మాంసములోను మందు శేషము కొంతకాలము నిలుచును. వండినంతమాత్రమున అది తప్పక నశించునని నమ్మరాదు. ఎన్ని దినములు విడువవలెనో సీసామీద వ్రాసియుండును. అట్లు వ్రాయనిచోట గ్రుడ్లకు 7 దినములకును, మాంసమునకు 28 దినములకును తక్కువ కారాదని 2012లో సవరించిన ఔషధ నిబంధనలు చెప్పుచున్నవి. ఈ లెక్క కడపటి మోతాదు ఇచ్చిన దినమునుండి. ఆ గ్రుడ్లను ఇంట తినరాదు, అమ్మరాదు, పాతిపెట్టవలెను. చచ్చునేమోయను భయమున రోగపు కోడిని సంతకు తోలుట పొరుగూరికి తెగులును పంపుటయే.

సంఘము చేయదగిన పని

కొక్కెర తెగులునకు మందు లేదు గాని టీకా కలదు. పిల్లలకు మొదటి వారమున లాసోటా టీకా కంట ఒక బొట్టు, ఎనిమిదవ వారము ప్రాంతమున ఆర్2బి సూది వేయించుట వాడుక. చిక్కేమనగా, ఒక సీసాలో నూరు కోళ్లకో అంతకు మించియో సరిపడు టీకా ఉండును. అది మంచులో రావలెను. కలిపిన రెండు గంటలలోపల ముగియవలెను. పది కోళ్లున్న ఇల్లు ఒంటరిగా దానిని కొనజాలదు. వీథిలోని పదియిండ్లు కలిసినచో ఒక్క సీసా సరిపోవును. ప్రతి గ్రామసంఘమును ఒక దినము నిర్ణయించి, ముందుగా చాటింపు వేయించి, తెల్లవారుజామున కోళ్లు గూటినుండి వెలువడకమునుపే టీకాలు వేయించవలెనని కోరుచున్నాము. టీకా వేసిన పెరటిలో మందు సీసాతో పని తక్కువ.