ఆంగ్లంలో పత్ర సమర్పణ: ఉపయుక్త వాక్యబంధాలు

తెలుగు పరిశోధకులు అంతర్విభాగ సదస్సులలోనూ, ఇతర రాష్ట్రాల విశ్వవిద్యాలయాలలోనూ తమ పత్రాన్ని ఆంగ్లంలో సమర్పించవలసి వస్తున్నది. పరిశోధన బలమైనదే అయినా వాక్యం తడబడితే ప్రతిపాదన మరుగున పడుతుంది. ప్రసంగమంతటినీ కంఠస్థం చేయడం కంటె, మలుపుల వద్ద ఆదుకొనే కొన్ని వాక్యబంధాలను అలవరచుకోవడం మేలు.

ఆరంభంలో “దిస్ పేపర్ ఎగ్జామిన్స్...” అని విషయాన్ని, “మై టాక్ ఈజ్ ఇన్ త్రీ పార్ట్స్” అని విభజనను తెలపవచ్చు. ‘గురించి’ అనే మాట ప్రభావం వల్ల “డిస్కస్ అబౌట్” అనడం తరచు వినిపిస్తుంది. ‘డిస్కస్’ సకర్మక క్రియ; దాని తరువాత ‘అబౌట్’ అక్కరలేదు. అంశం మారేటప్పుడు “దిస్ బ్రింగ్స్ మి టు...” అనాలి. ‘ద్విపద’ వంటి పారిభాషిక పదాలను అనువదించక, “ద్విపద, ఎ కప్లెట్ మీటర్” అని ఒకసారి వివరిస్తే చాలు.

నిర్ధారణ స్థాయిని సూచించే క్రియ అత్యంత కీలకం. ‘నిరూపితమైంది’, ‘భావించవచ్చు’ అనే వాటి మధ్య గల అంతరం ఆంగ్లంలోనూ నిలవాలి. ఒకే శాసనంలోని ప్రయోగాన్ని బట్టి ఒక పదం ప్రాచీనతను చెప్పేటప్పుడు “దిస్ ప్రూవ్స్” అనరాదు. “దిస్ సజెస్ట్స్” అనడమే సముచితం. మొదటిది ఆక్షేపణకు, రెండవది చర్చకు దారితీస్తుంది.

ప్రశ్న బోధపడనప్పుడు ఊహించి బదులివ్వడం కంటె “కుడ్ యు ప్లీజ్ రిఫ్రేజ్ ద క్వశ్చన్?” అని అడగడం మర్యాద. పరిధి దాటిన ప్రశ్నకు “దట్ ఈజ్ బియాండ్ ద స్కోప్ ఆఫ్ దిస్ స్టడీ” అన్నది నిజాయితీ గల సమాధానం. ఈ వాక్యబంధాలు పాండిత్యానికి ప్రత్యామ్నాయాలు కావు. పాండిత్యం శ్రోతను చేరే మార్గాలు మాత్రమే.