ఆగినచోటనే మొదలిడు ప్రోగ్రాములు

కంప్యూటరు ప్రోగ్రాములో ఒకే పని పలుమారులు అవసరమైనచో దానిని ఉపకార్యక్రమముగా, అనగా సబ్‌రొటీనుగా, విడిగా వ్రాయుదురు. ప్రధాన ప్రోగ్రాము పిలువగానే అది మొదటినుండి నడచి, ఫలమును అప్పగించి ముగియును. మరల పిలిచిన మరల మొదటినుండియే. వెనుక ఎంతవరకు వచ్చినదో దానికి జ్ఞాపకముండదు.

దీనివలన కలుగు చిక్కు నొకదానిని చూతము. కోబాల్ భాషలోని వ్రాతను యంత్రభాషలోనికి మార్చు ప్రోగ్రామునకు కంపైలరని పేరు. అందు ఒక భాగము అక్షరములను కూర్చి పదములు చేయును. మరొక భాగము పదములను కూర్చి వాక్యములను గుర్తించును. ఒక సంక్షేపమునకు బదులు మూడు పదములు అందింపవలెననుకొందము. మొదటి భాగము ఒక పదమిచ్చి ముగిసినచో, ఇంకను రెండు మిగిలినవని ఎక్కడనో వ్రాసిపెట్టుకొని, పిలిచినపుడెల్ల వెదకుకొనవలెను. పదములన్నిటిని ముందే అయస్కాంతపు టేపుపై ఎక్కించిన, దానిని మరల చదువుటకు కాలము వ్యర్థమగును.

అమెరికా శాస్త్రజ్ఞుడు మెల్విన్ కాన్వే ఇందుకొక ఉపాయమును కనుగొని, 1958లో దానికి కోరొటీను అని పేరిడెను. 1963లో కోబాల్ కంపైలరును గూర్చిన వ్యాసమున వివరించెను. కోరొటీను అనగా సహకార్యక్రమము. వాక్యభాగము పదము కావలసినచోట ఆగును. అపుడు పదభాగము తాను వెనుక ఆగినచోటనే మేల్కొని, ఒక పదమందించి, అక్కడనే ఆగును. వాక్యభాగము మరల సాగును. ఇందు యజమాని, సేవకుడు అను భేదము లేదు. ఇరువురు ఒకే రోటిలో వంతులవారీగా దంచునట్లు, ఒక్కొక్కసారి దెబ్బ ఒకరిదే. రెండును ఏకకాలమున నడచునని భ్రమపడరాదు.

ఆగినచోట ఇంకను మిగిలియున్న పనికి కంటిన్యుయేషను అని పేరు. 3 × (4 + 5) విలువను అచ్చువేయునపుడు, 4 + 5 దగ్గర ఉన్నప్పటి శేషకార్యమిది: వచ్చిన ఫలమును 3చే హెచ్చించి అచ్చువేయుట. 1975లో సస్మన్, స్టీల్ అనువారు రూపొందించిన స్కీమ్ భాషలో ఈ శేషమును సంఖ్యవలెనే భద్రపరచి, మరల నడపవచ్చును. 9 ఇచ్చిన 27, 10 ఇచ్చిన 30 అచ్చగును. అయితే కాలము వెనుకకు పోదు. ముందు అచ్చయిన 27 అట్లే యుండును.

నేడు ఒకే ప్రోగ్రాము వేలమంది కోరికలకు బదులీయగలుగుటకు ఇదియొక సాధనము. ఒకరి సమాచారము వచ్చువరకు ఆ పనిని ఆపి, మరొకరి పనిని సాగించును. పైథాన్ భాషలో 2015నుండి ఇందుకు ప్రత్యేక పదములు గలవు.

తరగతిలో దీనిని చేసి చూపవచ్చును. ఒక విద్యార్థి పాఠములోని పదము నొకదానిని చదివి, వ్రేలు అక్కడనే ఉంచవలెను. మరొకడు దానిని వ్రాసికొని తరువాతి పదమడుగవలెను. పిదప, పుస్తకమును ప్రతిసారి మూయించి చూడుడు. భేదము విద్యార్థులకే బోధపడును.